ఎదురింటి గోడ

హైదరాబాదు శివార్లలో ఒక బొమ్మల పనివాడు ఉండేవాడు. కట్టబోయే ఇళ్లకు కంప్యూటర్‌లో ముందుగానే బొమ్మలు చేసి ఇవ్వడం అతని వృత్తి. వాటిని అందరూ త్రీడీ ఎలివేషన్లు అనేవారు. ఇల్లు కట్టుకునేవాళ్లు పునాది విషయంలో మేస్త్రీని నమ్మేవారు, ఇనుము విషయంలో ఇంజినీరును నమ్మేవారు. రేపు తమ ఇల్లు ఎలా కనబడబోతుందో మాత్రం ఇతని బొమ్మను చూసి నమ్మేవారు. అప్పు పత్రాలతో పాటు ఆ బొమ్మను కూడా ఒక సంచిలో భద్రంగా దాచుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే అది చిన్న పని కాదు.

అతని చేతిలో పనితనం ఉండేది. కిటికీ చట్రం, పిట్టగోడ, సన్‌షేడు, గేటు మీది డిజైను, అన్నీ అంగుళం తేడా లేకుండా కట్టేవాడు. వెలుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతనికి ఒక అలవాటు ఉండేది. ఎక్కడ చీకటిగా కనబడితే అక్కడ ఒక లైటు పెట్టేవాడు. కంప్యూటర్‌లో లైటుకు స్తంభం అక్కర్లేదు, వైరు అక్కర్లేదు. గాలిలో నిలబెడితే చాలు. బొమ్మలో ఆ లైటు కనబడదు, దాని వెలుగు ఒక్కటే కనబడుతుంది. వెలుగు ఒక గోడకు తగిలి, అక్కణ్ణుంచి ఎగిరి మరో గోడ మీద ఎలా పడుతుందో కంప్యూటర్ లెక్క కట్టగలదు. ఆ లెక్కకు గంటల తరబడి సమయం పడుతుందని అతను దాన్ని ఎప్పుడో ఆపేసి ఉంచాడు. లైట్లు ఉండగా ఆ లెక్క ఎందుకు అనుకున్నాడు. చూసినవాళ్లు తళతళలాడుతోందని మెచ్చుకునేవారు. అతనూ అది చాలనుకునేవాడు.

ఒక ఏడాది కార్తీక మాసంలో ఒక ఇంటాయన అతని దగ్గరికి వచ్చాడు. ఉద్యోగ విరమణ చేసి, ఉన్న డబ్బంతా పెట్టి ఇల్లు కట్టుకుంటున్నాడు. 200 గజాల జాగా, ముందు 30 అడుగుల మొరం రోడ్డు. ఉత్తరం ఫేసింగ్ అని గజానికి కాస్త ఎక్కువే పోసి కొన్నాడు. రెండు స్లాబులూ పడ్డాయి, గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ నడుస్తోంది. ఇక ముందు వైపు డిజైను, రంగులు, ప్రహరీ గోడ తేలాలి. మాఘంలో గృహప్రవేశం అనుకున్నారు.

రోడ్డుకు అవతలి పక్కన ఒక పాత డాబా ఉండేది. అందులో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. పని మొదలైన కొత్తలో ఇసుక లారీ వచ్చి ఆమె గేటుకు అడ్డంగా కుప్ప పోసి పోయింది. అవ్వ గట్టిగా అడిగింది. ఇంటాయన అంతకంటే గట్టిగా జవాబిచ్చాడు. ఆ రోజు నుంచి రెండు గడపల మధ్య మాటల్లేవు. కొత్త ఇంట్లోంచి ఆ పాత డాబా కనబడకూడదని ఇంటాయన 8 అడుగుల ప్రహరీ గోడ కట్టాలనుకున్నాడు. బొమ్మలో కూడా ఆ డాబా ఛాయ ఎక్కడా పడకూడదని మరీ మరీ చెప్పాడు. బొమ్మల పనివాడికి అది కష్టమనిపించలేదు. బొమ్మలో కెమెరా పెట్టేది రోడ్డు మీదే కదా. ఆ డాబా కెమెరాకు వెనకాల ఉంటుంది. వెనకాల ఉన్నదాన్ని అతను ఏ ఇంటి బొమ్మలోనూ కట్టలేదు.

మొదటి బొమ్మ రెండు రోజుల్లో సిద్ధమైంది. ఇంటాయన, ఆయన ఇల్లాలు కూర్చుని చూశారు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, అడిగిన రంగులే ఉన్నాయి, అయినా ఇద్దరికీ అది తమ ఇల్లు అనిపించలేదు. మిఠాయి దుకాణంలో అట్టపెట్టె మీద అచ్చువేసిన ఇల్లులా ఉంది. నేల మీద ఆనకుండా గాలిలో తేలుతున్నట్టుంది. ఏం తక్కువైందో వాళ్లకు చెప్పడం రాలేదు.

బొమ్మల పనివాడు వెలుగు చాలలేదని తేల్చుకున్నాడు. పోర్టికో కింద ఒక లైటు పెట్టాడు. పోర్టికో వెలిగింది, కానీ స్తంభానికి గోడ మీద రెండో నీడ పుట్టింది. ఆ నీడను చంపడానికి ఎదురుగా ఇంకో లైటు పెట్టాడు. మూడో నీడ పుట్టింది. వారం తిరిగేసరికి ఆ ఇంటి చుట్టూ కనబడని లైట్లు 21 అయ్యాయి. నిజం ఎండలో స్తంభానికి ఒక్కటే నీడ ఉంటుంది. అతని స్తంభం చుట్టూ పలుచని నీడలు విసనకర్రలా విచ్చుకున్నాయి.

తర్వాత గోడల తెలుపు పెంచాడు. కంప్యూటర్‌లో తెలుపుకు చివరి మెట్టు 255. అక్కడికి చేర్చాడు. అలా చేసిన గోడ తన మీద పడ్డ వెలుగంతా తిరిగి ఇచ్చేస్తుంది, రవ్వంత కూడా తనలో ఉంచుకోదు. అలాంటి గోడ లోకంలో ఎక్కడా లేదు. కొత్తగా కొట్టిన సున్నం కూడా 100 పాళ్లలో సుమారు 80 పాళ్లే తిరిగి ఇస్తుంది. ఎర్ర ఇటుక పాతిక పాళ్లకు అటూ ఇటూ ఇస్తుంది, తారు రోడ్డు పది పాళ్లు ఇవ్వడమే గొప్ప. అతని గోడలు అంచులు కరిగిపోయి, మూల ఎక్కడుందో సన్‌షేడు ఎక్కడుందో తెలియకుండా పాలిపోయాయి. ఆ పాలిపోయినదాన్ని కప్పడానికి ముందు ఒక కారు పెట్టాడు, రెండు కొబ్బరి చెట్లు పెట్టాడు, ఆకాశంలో పక్షులు ఎగరేశాడు. చూపు ఇంటి మీద నిలవకుండా చేయడం ఒక్కటే అప్పటికి అతనికి తోచింది.

చివరికి ఒక రాత్రి సూర్యుణ్ణే తిప్పాడు. ఇంటి ముందు భాగం మీద బంగారు రంగు ఎండ ఏటవాలుగా పడేటట్టు పెట్టాడు. పోర్టికో నీడ గోడ మీద అందంగా వాలింది, తలుపు మెరిసింది. ఈసారి ఇంటాయన సంబరపడ్డాడు. బొమ్మను ఫోన్‌లో పెట్టుకుని బంధువులందరికీ పంపాడు.

ఇల్లాలు మాత్రం పంపలేదు. ప్లాస్టరింగ్ అయిన గోడలను ఎండకుండా తడపడానికి ఆమె రోజూ పొద్దున్నే పైపు పట్టుకుని పనిదగ్గరికి వెళ్లేది. వెనక గోడను ఎంత తడిపినా గంటలో ఆరిపోయేది. ముందు గోడ పొద్దున తడిపితే సాయంత్రం దాకా చెమ్మగానే ఉండేది. ఆ గోడ మీద ఎండ పడగా ఆమె ఒక్కరోజు కూడా చూడలేదు. బొమ్మలోని ఎండ ఏ పక్క నుంచి వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. ఆ మాట బొమ్మల పనివాడి చెవిన పడింది.

అతను మొదటిసారి ఆ ఇంటిని భూమి మీద పెట్టి చూశాడు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఆ లెక్క కంప్యూటర్‌కు ఇచ్చాడు. ఉత్తరం ఎటో సరిచేశాడు. మన గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను బట్టి నడుస్తాయి. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం సగటున 16 నిమిషాలు ఆలస్యం. అదీ సరిచేశాడు. తేదీని మాఘంలో గృహప్రవేశం రోజుకు, సమయాన్ని ఉదయం 9 గంటలకు పెట్టాడు. అప్పుడు ఇల్లాలి మాట ఎంత నిజమో తేలింది. సెప్టెంబరు 23 దాటాక మళ్లీ మార్చి 21 వచ్చేదాకా ఉత్తరపు గోడ మీద ఎండ అసలు పడదు. మార్చి తర్వాత పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తాకుతుంది. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, కర్ర నిలబెడితే నీడే లేకుండా చేస్తాడు. అప్పటినుంచి మళ్లీ ఆగస్టు 3 ప్రాంతం దాకా రోజంతా ఉత్తరం వైపే ఉంటాడు. ఉత్తరపు ముఖానికి ఏడాదిలో నిండు పొద్దు ఎండ ఆ మూడు నెలలే. మాఘంలో మాత్రం చుక్క ఎండ లేదు.

లెక్క సరిపోయింది కానీ బొమ్మ చచ్చిపోయింది. ఇంటి ముందు భాగం గుహలా నల్లబడింది. ఎక్స్‌పోజర్ పెంచితే గోడ బూడిద రంగులో తేలింది, ఆకాశం తెల్లకాగితంలా మాడిపోయింది. అతను చాలాసేపు తెర ముందు కూర్చున్నాడు. అబద్ధపు ఎండలో అందంగా ఉన్న ఇల్లు నిజం చెప్పగానే ఇలా అయిపోయింది. లైటు పెట్టడానికి చేయి దానంతట అదే పోయింది. ఆ చేతిని వెనక్కి తీసుకున్నాడు. అతని కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే.

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ కట్టేసి ఇంటి దగ్గరికి వెళ్లాడు. ఒక ఇటుకల దొంతి మీద కూర్చుని పొద్దు వాలేదాకా చూశాడు. ముందుగా వెనక పక్కకు వెళ్లి ఎండను చూశాడు. సన్‌షేడు నీడ గోడ మీద కత్తితో కోసినట్టు ఉంది. పిట్టగోడ నీడ దూరంగా నేల మీద పడేచోట అంచు మెత్తబడింది. కరెంటు తీగ నీడ అయితే కింద కనబడీ కనబడనట్టుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందువల్ల నీడ అంచు మీటరు దూరానికి దాదాపు సెంటీమీటరు చొప్పున కరుగుతుంది. అతను ఇన్నాళ్లూ సూర్యుణ్ణి చుక్కగా పెట్టాడు. అతని నీడలన్నీ దగ్గరా దూరం తేడా లేకుండా ఒకే పదునుతో ఉండేవి.

తర్వాత ముందు పక్కకు వచ్చాడు. అక్కడే అతనికి చిక్కు పడింది. గోడ మీద ఎండ లేదు, అయినా గోడ చీకటిగా లేదు. ప్లాస్టరింగ్ మీది తాపీ గీతలు కూడా కనబడుతున్నాయి. తలుపు కోసం వదిలిన ఖాళీ పక్కన అంచులు మెత్తగా, తేటగా ఉన్నాయి. సన్‌షేడు అడుగు భాగం పూర్తిగా నేల వైపు చూస్తుంది. ఆకాశం దానికి కనబడనే కనబడదు. అదీ వెలుగుతోంది, పైగా కొంచెం ఎర్రగా వెలుగుతోంది. చేతిలో ఉన్న తెల్లకాగితాన్ని గోడకు ఆనించాడు. కాగితాన్ని పైకి వంచితే కాస్త నీలంగా కనబడింది. కిందికి వంచితే మొరం ఎరుపు పాకింది. నిటారుగా వీధి వైపు పట్టుకుంటే వెచ్చని తెలుపు వచ్చింది. నీలం ఆకాశానిది, ఎరుపు నేలది. ఆ వెచ్చని తెలుపు ఎక్కడిదో తెలియలేదు.

అంతలో ఒక కూలి మనిషి తాగే నీళ్ల స్టీలు బిందెను తెచ్చి ఆ గోడ ముందు అరుగు మీద పెట్టి పోయింది. అప్పుడే తోమిన బిందె. బొమ్మల పనివాడి చూపు దాని పొట్ట మీద పడింది. వీధి అంతా అందులో వంగి ఉంది. కింద ఎర్రటి రోడ్డు, పైన నీలాకాశం, రెండిటికీ నడుమ కళ్లు చెదిరే తెల్లటి పట్టీ. ఆ బిందె మీద ఆకాశం కంటే ఎక్కువ వెలుగుతున్నది ఆ పట్టీయే. అది ఎదురింటి అవ్వ గోడ.

అతను లేచి, గోడ ఎటు చూస్తోందో తనూ అటు తిరిగి నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లుగా ఇళ్ల వంక చూసినవాడు, ఇల్లు దేనివంక చూస్తోందో మొదటిసారి చూశాడు. ఉత్తరం ముఖం ఉన్న ఇంటికి ఎదురుగా ఉన్నది దక్షిణం ముఖం ఇల్లు. శీతకాలం పొద్దస్తమానం ఎండంతా దాని మీదే. ఎండ పడే చోట లక్ష లక్స్ దాకా వెలుగు ఉండవచ్చు, ఎండ లేని ఆరుబయట పది పదిహేను వేలు ఉన్నా ఎక్కువే. అవ్వ గోడ ఆ ఎండను పట్టి, తన వంతు మాత్రం ఉంచుకుని, మిగిలిందంతా రోడ్డు దాటించి ఈ గోడ మీద పోస్తోంది. మధ్యాహ్నం అవ్వ తడిసిన బొంతలు రెండు తెచ్చి పిట్టగోడ మీంచి కిందికి ఆరేసింది. సగం గోడ కప్పబడింది. బొమ్మల పనివాడి చేతిలోని కాగితం మీద ఆ వెచ్చదనం కళ్లముందే సన్నగిల్లింది. సాయంత్రం ఆమె బొంతలు తీసేదాకా అతను అక్కణ్ణుంచి కదల్లేదు.

పని నేర్చుకునే రోజుల్లో అతనికి ఒక పెట్టె బొమ్మ చూపించారు. 1984లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన బొమ్మ అది. తెల్లటి పెట్టెలో ఒక పక్క గోడకు ఎరుపు వేస్తే, ఆ ఎరుపు పక్కనున్న తెలుపు మీదికి పాకడం అందులో కనబడుతుంది. వెలుగు ఒకదాన్నుంచి ఒకదానికి చేతులు మారుతుందని కంప్యూటర్ బొమ్మల్లో చూపించిన తొలి పనుల్లో అది ఒకటి. 1998లో పాల్ డెబెవెక్ అనే పరిశోధకుడు అద్దంలా మెరిసే గోళాన్ని ఒక చోట పెట్టి, దాన్ని ఫొటోలు తీసి, ఆ చోటికి అన్ని దిక్కుల నుంచీ వచ్చే వెలుగును కంప్యూటర్‌లోకి తెచ్చాడు. ఈ సంగతీ అతను చదువుకున్నాడు. చదివినప్పుడు అవి పరీక్షకు పనికొచ్చాయి. ఒక కూలి మనిషి బిందె దింపాక గానీ అవి అతని కళ్లలోకి దిగలేదు.

ఆ రాత్రి అతను 21 లైట్లనూ ఒక్కొక్కటే తీసేశాడు. ఒక సూర్యుణ్ణీ ఒక ఆకాశాన్నీ మాత్రం ఉంచాడు. సూర్యుడికి అర డిగ్రీ వెడల్పు ఇచ్చాడు. కారు, కొబ్బరి చెట్లు, పక్షులు పోయాయి. తెలుపును 255 నుంచి దింపాడు. తర్వాత కెమెరా వెనక్కి వెళ్లి, బొమ్మలో ఎప్పటికీ కనబడని చోట, మొరం రోడ్డు పరిచి, దాని అవతల అవ్వ డాబాను కట్టాడు. తలుపు, కిటికీ, పిట్టగోడ, గోడ మీద సున్నం పెచ్చులూడిన చోటుతో సహా కట్టాడు. తన బొమ్మలన్నిట్లోకీ అంత శ్రద్ధగా కట్టిన ఇల్లు అదే. ఏళ్లుగా ఆపేసి ఉంచిన లెక్కను మళ్లీ మొదలుపెట్టి, వెలుగు గోడకూ గోడకూ మధ్య తిరగడానికి వదిలేసి పడుకున్నాడు.

తెల్లారేసరికి బొమ్మ తేలింది. ముందు భాగం నీడలోనే ఉంది. ఆ నీడలోనే గోడ తన రంగుతో, తన గరుకుతనంతో నిలబడి ఉంది. పై అంచున లేత నీలం, మధ్యలో వెచ్చని తెలుపు, సన్‌షేడుల అడుగున చెంపకు పూసినంత ఎరుపు. ఇల్లు నేల మీద ఆనింది. కిటికీ అద్దంలో, పట్టి చూస్తే తప్ప కనబడకుండా, అవ్వ డాబా నిలబడి ఉంది.

ఇంటాయన, ఇల్లాలు వచ్చి చూశారు. ఈసారి ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లాలి వేలు బొమ్మలో ముందు గోడ మీదికి పోయింది, తను రోజూ తడిపే చోటికి. వాళ్లకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంటాయన చూపు మాత్రం కిటికీ అద్దం దగ్గర ఆగింది. వద్దన్న డాబా అందులో ఉంది.

బొమ్మల పనివాడు వాదించలేదు. మరో రెండు బొమ్మలు పక్కన పెట్టాడు. ఒకదానిలో కెమెరా వెనకనున్న డాబాను తీసేశాడు. మిగతావన్నీ అవే, ఒక్క మేకు కూడా మార్చలేదు. ఇంటి ముఖం మీది కళ పోయి, గోడ నీలపు మసకలో మునిగింది. రెండోదానిలో డాబాను ఉంచి, ఇంటాయన కోరిన 8 అడుగుల ప్రహరీ గోడను కట్టాడు. ఇంటి ముందు గోడకూ ప్రహరీకీ నడుమ ఖాళీ 5 అడుగులే. కింది అంతస్తు తలుపు, అరుగు, రెండు కిటికీలూ మసకబారాయి. పై అంతస్తు మాత్రం వెలుగుతోంది. దేన్ని కనబడకుండా చేయాలని ఇంటాయన గోడ కట్టబోయాడో, తన గడపకు వెలుగు అక్కణ్ణుంచే వస్తోంది.

ఇంటాయన ఆ మూడు బొమ్మలూ తీసుకుని ఇంటికి వెళ్లాడు. ఆ రాత్రి ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. వారం తర్వాత మేస్త్రీ ప్రహరీ మొదలుపెట్టినప్పుడు అది 3 అడుగుల దగ్గర ఆగింది. దాని పైన గ్రిల్ బిగించారు. అవ్వ గేటు పక్కన మిగిలిపోయిన ఇసుకను ఇద్దరు కూలీలు ఎత్తి, చీపురుతో ఊడ్చి, నీళ్లు చల్లారు. అవ్వ గేటు దగ్గర నిలబడి చూసింది. ఎందుకు తీస్తున్నారో ఎవరూ చెప్పలేదు, ఆమే అడగలేదు.

పుష్యం వచ్చింది. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు అవ్వ ఎప్పటిలాగే సున్నం నానబెట్టింది. అందులో చిటికెడు నీలిమందు కలిపింది. ఒక కుర్రాణ్ణి పెట్టుకుని గోడంతా రెండు పూతలు వేయించింది. పెచ్చులూడిన చోట పూడ్పించింది. తన ఇంటికి పండగ కోసం వేసుకుంది. ఆ సున్నం రోడ్డు దాటి ఎక్కడిదాకా పోతుందో ఆమెకు తెలియదు.

గృహప్రవేశానికి పిలుపులు మొదలైనప్పుడు ఇల్లాలు కుంకుమ భరిణె పట్టుకుని అందరికంటే ముందు రోడ్డు దాటింది. అవ్వ నుదుట బొట్టు పెట్టి పిలిచింది. ఇంటాయన గేటు దాకా వచ్చి, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఇసుక కుప్ప సంగతి ఏ పక్కా ఎత్తలేదు.

ఆ రోజు తెల్లవారుజామున పాలు పొంగించారు. పొద్దెక్కాక బొమ్మల పనివాడు వచ్చాడు. 9 గంటలకు రోడ్డు మీద, తన కెమెరా ఎక్కడ పెట్టాడో సరిగ్గా అక్కడ నిలబడి, ఫోన్‌లో బొమ్మ తీసి ఇంటి పక్కన పట్టుకుని చూశాడు. ఎండ ఆగ్నేయం నుంచి వచ్చి అతని వెనకనున్న గోడ మీద పడుతోంది. ఇంటి ముఖం నీడలో ఉంది. పైన నీలం, నడుమ తెలుపు, అడుగున ఎరుపు, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటే తేడా. ఇల్లు బొమ్మ కంటే ఇంకాస్త కళగా ఉంది. అతను పెచ్చులూడిన పాత సున్నాన్ని బట్టి వెలుగు లెక్క కట్టాడు, అవ్వ ఆ తర్వాత కొత్త సున్నం వేసింది. అతని వృత్తిలో బొమ్మ కంటే ఇల్లు బాగుండటం అదే మొదటిసారి. అప్పుడే అవ్వ పట్టుచీర కట్టుకుని, చేతిలో పళ్ల పళ్లెంతో అతని పక్కనుంచి రోడ్డు దాటి, ఆ వెలుగున్న గడపలోకి వెళ్లింది.

మన ముఖం మీది వెలుగంతా మనదేనని అనుకుంటాం, కాస్త మసక కనబడితే మన చుట్టూ మనమే లైట్లు పెట్టుకుంటాం. ఆ వెలుగులో చాలా పాలు మన ఫొటోల్లోకి ఎప్పుడూ రాని మనుషులు, పండక్కి తమ గోడకు తాము సున్నం వేసుకుంటూ మనకు తెలియకుండా, తమకూ తెలియకుండా పంపినది. వాళ్లు కనబడకూడదని మనం లేపే ప్రతి అడుగు గోడా మొదట మన గడపనే చీకటి చేస్తుంది. ఆ బొమ్మల పనివాడు ఇప్పుడు ఎవరు ఇంటి బొమ్మ కోసం వచ్చినా, వాళ్ల ప్లాను తెరవకముందే ఎదురుగా ఎవరుంటారని అడుగుతాడు.